ఏడో గుంజ

ఎంగదీన్ లోయలో, ఊరికి పైన వాలు మీద,
మంచులో పాతిన పదకొండు గుంజలు.
తెల్లారకముందే బార్లా దెరుంగ్స్ వాటి దగ్గరికి వెళ్తుంది
బళ్ళో హాజరు వేసుకున్నట్టు.
సిరా గడ్డకడుతుంది కనక పెన్సిలు.
పెన్సిలైనా నాలుకకు ఆనిస్తేగానీ నల్లగా పడదు.

నూట పన్నెండు. నూట తొమ్మిది. నూట పదిహేను.
సెంటీమీటర్లలో ఇప్పటిదాకా ఈ చలికాలం.
ఏడో గుంజ అసలు కనబడలేదు.
రాత్రి గడ్డికొట్టం కప్పు మీది మంచంతా జారి
దాని నెత్తినే పడింది.
పొడుగు కడ్డీ దింపి చూసింది:
నాలుగు వందల ముప్పై ఒకటి.

"కొట్టేయనా?" అన్నాను, పని నేర్చుకునేవాణ్ణి.
"పడింది. చూశాం. రాయి."

కింద జలవిద్యుత్ ఆఫీసు నుంచి ఫ్లూరిన్ ఫోను:
సగటెంత?
సగటు మెత్తని మనిషి. అందరి మాటా వింటుంది,
చివరికి గొంతు చించుకున్నవాడి వైపే ఒరుగుతుంది.
నూట నలభై అంటుంది.
పదకొండింటిలో ఏ గుంజ దగ్గరా లేని లోతు,
ఎవరి కాలికీ పట్టని చెప్పు.

బార్లా అంకెల్ని పొట్టి నుంచి పొడుగుకి
డ్రిల్లు మాస్టారులా నిలబెడుతుంది.
అటు అయిదుగురు, ఇటు అయిదుగురు,
నడిమి మనిషి భుజం తట్టి అడుగుతుంది.
నూట పన్నెండు.

ఏడో గుంజ వరస చివర నిలబడే ఉంది.
ఎవరూ గెంటలేదు.
ఒకరోజు చలికి కొంకర్లు పోయిన నా వేళ్ళు
దాని పక్కన ఇంకో సున్నా చుట్టేశాయి.
నాలుగు వేల మూడు వందల పది!
సగటు ఆ పూట ఎగశ్వాసతో
నాలుగు వందల తొంభై మూడు దాకా పరుగెత్తింది.
నడిమి మనిషి చేతులు రుద్దుకుంటూ
నూట పన్నెండు అన్నాడు మళ్ళీ.
ఎంత అరిచినా వరసలో ఒక్క తలే.

మధ్యగతం అని బళ్ళో బట్టీ పట్టాను దీన్ని,
రెండు మార్కులకి.

"ఎంతదాకా ఓర్చుకుంటుంది?"
థర్మాస్ మూతలో కాఫీ. మూడు గుటకల తరవాత చెప్పింది:
"అయిదు గుంజలు అబద్ధమాడినా ఓర్చుకుంటుంది.
ఆరోది కలిసిందా, అబద్ధమే నడిమికొచ్చి నిలబడుతుంది.
గొంతు మాత్రం మారదు.
అంతే నెమ్మదిగా చెబుతుంది."
నలుగురితో నారాయణ అనుకునేవాడికి
ఆ నలుగురూ ఎవరో తెలిసుండాలి.

ఫిబ్రవరిలో ఆమె భర్త నుఓట్ పోయాడు.
నేల గడ్డపారకు లొంగక రెండు రోజులు ఆగారు.
నాలుగు మాటలు రాసిమ్మన్నాడు పాస్టరు.
నలభై ఒక్క చలికాలాలు.
కట్టెలు కొట్టాడు. ఆవుల్ని పేరు పెట్టి పిలిచాడు.
సూపు చల్లారినా నోరెత్తలేదు.
ఒక్క చలికాలం మాత్రం...
బార్లా పెన్సిలు నాలుకకు ఆనించింది.
ఆ ఏడాదీ రాసింది. వరస చివర.

పాస్టరు నడిమిదే చదివాడు: మంచివాడు.
చాలామంది తలలూపారు. అబద్ధం కాదు.

ముందు బల్ల మీద కూతురు ఐటా తల ఎత్తలేదు.
ఆ చలికాలం తనకి ఆరేళ్ళు.
ఆరేళ్ళ పిల్లకు ఉన్నవే ఆరు చలికాలాలు,
వాటిలో గుర్తున్నవి రెండే.
రెండింటిలో ఒకటంటే సగం.
సగం దగ్గర ఏ వరసైనా విరుగుతుందని
పైన గుంజల మధ్య నేను నేర్చుకున్నదే.

మర్నాడు తెల్లారకముందే ముగ్గురం ఎక్కాం.
ఆరు గుంజల దాకా ఎవరూ మాట్లాడలేదు.
ఏడోదాని దగ్గర ఐటా నా చేతిలోంచి కడ్డీ తీసుకుని
తనే దింపింది, భుజం దాకా, ఇంకా లోపలికి,
అడుగున ఏదో గట్టిది తగిలేదాకా.

బార్లా ఎంత అని అడగలేదు.
పుస్తకం తెరిచి ఖాళీ గడి చూపించి
పెన్సిలు ఇచ్చింది.